లెక్కల రోజు గజేందర్ ఎక్కడున్నాడు

మనిషి పోయాక అతని నవ్వో, మంచి మాటో గుర్తుంటుందంటారు. గజేందర్‌ను ఎరిగినవాళ్లకు మాత్రం ముందు గుర్తొచ్చేది అతని విసుగు. దోహా ఇండస్ట్రియల్ ఏరియా క్యాంపులో నీళ్ల ట్యాంకరు ఆలస్యమైతే విసుగు. మెస్సులో పప్పు పల్చనైతే విసుగు. తెల్లవారుజామున కంపెనీ బస్సులో పక్కవాడు తన భుజం మీద తల వాల్చి నిద్రపోతే విసుగు. విసుక్కుంటూనే ఆ తలను తోసెయ్యకుండా సైటు దాకా మోసేవాడు. పోయిన ఏడు సొంత ఊళ్లో, సొంత మంచం మీద కన్నుమూసేముందు కూడా ఫ్యాను చప్పుడు చేస్తోందని విసుక్కున్నాడట.

అతనిది జగిత్యాల దిక్కు గంగంపేట. పదో తరగతి తప్పి, కొన్నాళ్లు వెల్డింగ్ షాపులో పొగ మింగి, పెళ్లయిన రెండేళ్లకు ఖతర్ వచ్చాడు. ప్రపంచ కప్పు ఫుట్‌బాల్ పోటీలు ఈ దేశంలోనే అని ప్రకటించిన మరుసటి ఏడది. పోటీలకు ఇంకా ఎన్నో ఏళ్లున్నాయి, అయినా రేపే ఆట అన్నట్టు దోహా అంతా తవ్విపోశారు. గజేందర్‌ది రాడ్ పని. ఇనుప చువ్వలు కొలిచి, వంచి, తీగతో ముడివేసి, కాంక్రీటు పోయడానికి పంజరం అల్లి పెట్టాలి. కంపెనీ కాగితాల్లో ఆ పనిని స్టీల్ ఫిక్సర్ అని రాస్తారు. ఎండాకాలం చువ్వ ముట్టుకుంటే గ్లౌజు ఉన్నా చెయ్యి చురుక్కుమంటుంది.

గంగంపేట జనాభా ఎంతని అడిగితే గజేందర్ ఎదురు ప్రశ్న వేసేవాడు. ఊళ్లో పడుకునేవాళ్లనా, ఊరి పేరు చెప్పుకునేవాళ్లనా? రెండూ ఎన్నడూ కలవవు. పెళ్లీడు దాటి తలనెరిసే లోపు మగవాళ్లలో ఊళ్లో మిగిలింది బడి సారు, ఇంటి పట్టునే ఉండే గజేందర్ అన్న, కాలు విరిగిన గీత కార్మికుడు, ఏ పనీ చెయ్యని సర్పంచి బావమరిది. మిగతా అందరూ గల్ఫులోనే. ఇంటి ముందు ఫ్యూజు కొట్టేస్తే పక్కూరి నుంచి మనిషి రావాల్సిందే. ఊరి ఆదాయం గంగంపేటలో పండదు, ఫోన్లో వస్తుంది. అది అందరికీ తెలుసు, కాగితం మీద మాత్రం ఎవరూ ఒప్పుకోరు. కాగితాల్లో గంగంపేట కూలీల ఊరు. టైల్సు వేసిన వరండాలో, మోటారు సైకిలు పక్కన కూర్చుని, కూలికి పోతేనే పూట గడుస్తుందని చెప్పడం ఆ ఊరికి అలవాటు. గల్ఫు అంటే తెల్ల రేషన్ కార్డు కోస్తారని భయం. ఎవరి కార్డూ కోసింది లేదు. భయం మాత్రం అలాగే ఉంది.

గజేందర్ ఖతర్ వచ్చిన మూడేళ్లకు తెలంగాణ రాష్ట్రం కొత్తగా వచ్చింది. ఆగస్టులో ఒకే రోజున రాష్ట్రమంతా ఇంటింటి సర్వే అన్నారు. ఆ రోజు ఎక్కడివాళ్లు అక్కడ, ఇంట్లోనే ఉండాలి, ఎవరెవరున్నారో, ఏం పని చేస్తారో, ఎంత వస్తుందో చెప్పాలి. క్యాంపులో కలవరం మొదలైంది. లెక్కలో లేకపోతే ఊరి మనిషే కాదంటారని ఒకడు, భూమి పోతుందని ఒకడు. కొందరు విమానం ఎక్కేశారు కూడా. గజేందర్ క్యాంప్ బాస్ దగ్గరికి వెళ్లి సెలవు అడిగాడు. అతను తల ఎత్తకుండానే, "ఛుట్టీ మాఫీ. కాంక్రీట్ హై. యల్లా," అన్నాడు. సెలవు లేదు, కాంక్రీటు ఉంది, నడువు అని.

అంతటితో వదిలేసేవాడే, అంతకు ముందు వేసవిలో ముత్యం చనిపోకపోయి ఉంటే.

ముత్యం అదే ఊరివాడు, వరసకు బావ, ఉండేదీ అదే క్యాంపులో. డ్యూటీ నుంచి వచ్చి పడుకుని, మళ్లీ లేవలేదు. శవాన్ని ఊరికి పంపడానికి తిరిగింది గజేందరే. కంపెనీ ఆఫీసు, ఆస్పత్రి, మళ్లీ కంపెనీ ఆఫీసు. అన్నీ ఒక కొలిక్కి వస్తున్నాయనగా ఊరి నుంచి విచారణ కాగితం వచ్చింది. ముత్యం అనే మనిషి గంగంపేటలోనే ఉన్నాడు, కూలి చేసుకుని బతుకుతున్నాడు అని అందులో ఉంది. రేషన్ కార్డు తనిఖీకి వచ్చినప్పుడు ముత్యం ఇంటివాళ్లు చెప్పిన మాటే అది. ఊళ్లో కూలి చేసుకుంటున్న మనిషి ఇక్కడ చచ్చిపోవడం ఎలా కుదురుతుంది? ముత్యం బతికి లేడు, చచ్చాడు అని ఒప్పించే దాకా శవం చల్లటి పెట్టెలోనే పడుంది. అక్కడ రాణి, ముత్యం భార్య, ఎవరికి ఫోన్ చేసినా ఏడవడం కూడా మానేసి, "ఎప్పుడొస్తడు?" అని మాత్రం అడిగేది. ఆ మాట విని గజేందర్ ఫోను గోడకేసి కొట్టబోయాడు.

అప్పుడే తేల్చుకున్నాడు. తన పేరు ఉన్నచోటే ఉండాలి. గజేందర్, ఖతర్, రాడ్ పని. ఏదైనా అయితే తన మనుషులు తనను తెచ్చుకోవాలంటే ఊరి కాగితంలో తను ఖతర్లో ఉండాలి.

సర్వేకు నాలుగు రోజుల ముందు అన్న నర్సింగ్ ఫోన్ చేశాడు.

"తమ్మీ, అంతా మాట్లాడుకున్నం. ఊరంత ఒకటే మాట. నువ్వు ఊళ్లెనే ఉన్నవ్. పొద్దుగాలనే కూలికి పోయినవ్."

"ఆ రోజు అంతా బంద్ కదనే. కూలికి ఎవడు పిలుస్తడు?"

"అది నిజమే. జరమొచ్చి జగిత్యాల దవాఖానకు పోయినవని చెప్త."

"మరి మస్కట్ల ఉన్న శంకర్ ఏడ పోయిండంటవ్?"

"ఆనికి జరమే."

"పెద్ద కాపోళ్ల ముగ్గురు కొడుకులు?"

"అరె, జరాలు వస్తయ్ రా. వానకాలం."

"ఊళ్లె మగోళ్లందరికి ఒక్క దినమే జరమొచ్చిందా అన్నా? అట్లయితే సర్వే సారుతోటి డాక్టర్‌ను కూడ పంపుతరు."

"నీకు అన్నీ ఎగతాళే. అవ్వకు కూడ నేర్పిన. రెండు మాట్ల అప్పజెప్పింది. నువ్వు నడుమల ఖరాబ్ చేయకు."

"నా పేరు ఖతర్ల రాపియ్యి. ముత్యం బావను మర్చిపోయినవా?"

"శుభమా అని సర్వే అయితుంటె చావు ముచ్చట తీస్తవేంది? కార్డు పోతె బియ్యం ఎవడు తెస్తడు, నువ్వా?"

"నేనే తెస్తున్న గదనే ఇన్నేండ్ల సంది."

నర్సింగ్ ఫోన్ పెట్టేశాడు. గజేందర్ మంచం మీద కూర్చుని ఫోను వంక చూసి ఒక బూతుమాట అన్నాడు. కింది మంచం మీద బట్టలు మడతపెట్టుకుంటున్న దస్తగిరి నవ్వాడు. దస్తగిరిది కడప పక్క. అతని ఊరివైపు ఏ సర్వే లేదు.

"మీ కాడ లెక్కయినా పెడతాండారు బ్బా. మా పక్క మనిషి ఉన్నాడా ల్యాడా అని అడిగే నాథుడే ల్యాడు."

"అడుగుతె మాత్రం మావోళ్లు చెప్తరా? నేను ఇక్కడ చువ్వలు వంచుతుంటె అక్కడ నాకు జరమంట."

గజేందర్ చేసింది ఒక్కటే. స్వర్ణకు, తన భార్యకు, సర్వే సారు గడప తొక్కగానే మిస్డ్ కాల్ ఇవ్వమని చెప్పాడు. స్వర్ణ సరేనంది. బావగారి ఎదుట గొంతెత్తని మనిషి, మిస్డ్ కాల్ అయితే ఇవ్వగలదు.

ఆ రోజు మధ్యాహ్నం ఎండకు పని ఆపేసి అందర్నీ రేకుల షెడ్డులోకి పంపారు. వేసవిలో రోజూ ఆపేదే. కూలర్లు వేడిగాలినే తిప్పి కొడుతున్నాయి. గజేందర్ ఫోను చేతిలో పట్టుకుని, రెండు మాట్లు అది పనిచేస్తోందో లేదో దస్తగిరితో కాల్ చేయించుకుని చూశాడు. మూడోమాటు అడిగితే దస్తగిరి అటు తిరిగి పడుకున్నాడు. అప్పుడు మోగి ఆగింది. స్వర్ణ నంబరు.

గజేందర్ రీఛార్జి కార్డు గీకి ఫోన్ చేశాడు. స్వర్ణ ఎత్తింది. ఒక్క మాటా మాట్లాడకుండా స్పీకరు నొక్కి బల్ల మీద పెట్టినట్టుంది. ఇల్లంతా వినిపించింది. కోడి అరుపు, పిల్లల గోల, తెలియని గొంతొకటి నింపాదిగా అడుగుతోంది. ఆ గొంతు సర్వేకు వచ్చిన ఇస్హాక్ సారుది. మెట్‌పల్లి వైపు బడిలో పంతులు.

"గజేందర్, జరం, దవాఖాన. ఈ వాడకట్టుల అందరికీ ఒకటే దవాఖానా?"

"సార్, నమస్తే," అన్నాడు గజేందర్. "నేనే గజేందర్‌ను మాట్లాడుతున్న. ఖతర్ల ఉన్న. నాకు జరం లేదు."

"జరం లేదంటుండు," అన్నాడు ఇస్హాక్ సారు ఎవరితోనో.

"సార్, అది మావోడు కాదు. రాంగ్ నంబర్," ఇది నర్సింగ్.

"రాంగ్ నంబరోనికి నీ పేరు నర్సింగ్ అని ఎట్ల తెల్సే అన్నా? నీ బనీను జేబుల బీడీలున్నయని ఎట్ల తెల్సు?"

ఎవరో ఆడమనిషి కిసుక్కున నవ్వింది. అంతలో వాళ్ల అమ్మ సాయవ్వ గొంతు, ఫోను మీదకే వంగి మాట్లాడుతున్నట్టు పెద్దగా.

"గజేందరా? బుక్కెడంత తిన్నవా కొడుకా? ఆడ ఎండలు తగ్గినయా?"

"అవ్వా, ఆగు," అన్నాడు నర్సింగ్ నీరసంగా. రెండుసార్లు అప్పజెప్పించుకున్న పాఠం అంతటితో అయిపోయింది.

"ఈయన నీ కొడుకేనా అవ్వా?" ఇస్హాక్ సారు అడిగాడు.

"గాక ఎవరు? నా చిన్నోడు. దుబాయ్‌ల ఉంటడు."

"దుబాయ్," అని ఇస్హాక్ సారు రాసుకుంటూ పైకి అన్నాడు.

"దుబాయ్ కాదు సార్, ఖతర్. కొట్టెయ్యుండ్రి, ఖతర్ అని రాయుండ్రి."

"అవ్వేమో దుబాయ్ అంటది."

"మా అవ్వకు మస్కట్ దుబాయే, సౌదీ దుబాయే. బొంబాయి దాటితె అంతా దుబాయే సార్. ఖతర్ వేరే దేశం."

"ఖతర్ దుబాయ్ అని రాస్తె అయిపాయె గదా," అని వాకిట్లోంచి ఎవరో సలహా ఇచ్చారు. గజేందర్ షెడ్డులో లేచి నిలబడ్డాడు. పక్కవాళ్లు తిరిగి చూశారు. "సార్, మీకు దండం పెడ్త, వాళ్ల మాటలు వినకుండ్రి. నేను ఈడ పడిపోతె దుబాయ్‌ల వెతుకుతరు."

ఇస్హాక్ సారు కొట్టేసి మళ్లీ రాసినట్టున్నాడు. "ఖతర్. సరే. పని?"

ఇక దాచేదేమీ లేదని నర్సింగ్‌కు అర్థమైంది. కార్డు ఎలాగూ పోయినట్టే అనుకున్నాడు. పోయేదెలాగూ పోతోంది కనక పరువైనా దక్కాలనుకున్నాడేమో, గొంతు సవరించుకున్నాడు.

"ఫోర్‌మన్ సార్. మా తమ్ముడు ఫోర్‌మన్. కింద ముప్పై మంది పనిచేస్తరు."

గజేందర్ మళ్లీ కింద కూర్చున్నాడు.

అంతకు ముందు ఏడు వాళ్ల ఫోర్‌మన్, కేరళ మనిషి, సెలవు మీద వెళ్తే కొన్ని వారాలు గజేందర్ చేతికి విజిల్ ఇచ్చారు. ఆ సంతోషంలో ఇంటికి ఫోన్ చేసి చెప్పాడు. ఫోర్‌మన్ సెలవు నుంచి తిరిగొచ్చాడు, విజిల్ తీసుకున్నాడు. ఆ సంగతి చెప్పడానికి గజేందర్‌కు నోరు రాలేదు. అప్పటికే నర్సింగ్ ఊళ్లో పదిమందికి చెప్పుకుని, ఇంటి మీద మరో అంతస్తుకు మేస్త్రీతో మాట్లాడేశాడు. జీతం పెరిగిందనుకున్నారు కాబట్టి పంపే డబ్బు పెరగాలి. శుక్రవారం సెలవు రోజున గజేందర్ దోహాలోనే అల్ ముంతజా అనే పేటకు పోయి ఎవరిదో విల్లాలో ఇనుప గేట్లకు వెల్డింగ్, రంగులు, ఏది దొరికితే అది చేసి ఆ తేడా పూడ్చేవాడు. క్యాంపులో ఒక్క దస్తగిరికే తెలుసు.

"ఫోర్‌మన్ అని రాస్తున్న," అన్నాడు ఇస్హాక్ సారు. "గజేందర్, సరేనా?"

దస్తగిరి అప్పటికి లేచి కూర్చున్నాడు. కళ్లు గజేందర్ మీదే ఉన్నాయి. సరే అంటే ఈ కాగితం కూడా అబద్ధమే. కంపెనీ కాగితంలో స్టీల్ ఫిక్సర్, ఊరి కాగితంలో ఫోర్‌మన్. రేపు ఇద్దరు గజేందర్‌లు తేలతారు, ఎవడు చచ్చాడో తేల్చడానికి మళ్లీ ఎవడో క్యాంపు నుంచి ఆఫీసుకు, ఆఫీసు నుంచి ఆస్పత్రికి తిరగాలి.

"కాదు సార్," అన్నాడు. "రాడ్ పని. స్టీల్ ఫిక్సర్ అని రాయుండ్రి."

"వాడు మర్యాదకు అట్లంటడు సార్," అన్నాడు నర్సింగ్.

"మర్యాద లేదు, ఏం లేదు. ఫోర్‌మన్ ఎనకకొచ్చిండు. నేను ఎనకటి లెక్కనే చువ్వలు వంచుతున్న."

"జీతం?"

"వెయ్యి రియాళ్లు. ఓవర్‌టైం ఉంటె జరంత ఎక్కువ."

అటువైపు నర్సింగ్ మనసులో లెక్క వేసుకుంటున్నాడని ఇక్కడికి తెలుస్తూనే ఉంది. "ఏం మాట్లాడుతున్నవ్ రా? నువ్వు నెలకు పంపేదే అంతకన్న ఎక్కువుంటది."

"శుక్కురారం బయట పనికి పోత."

"మరి మేడ మీద మేడ ఎందుకు లేపమన్నవ్?"

"నేను లేపమన్ననా? నువ్వు లేపుతున్న అన్నవ్. నేను వద్దనలే."

"వద్దనకపోతె లేపమన్నట్టే గదరా. నోట్లె నాలుక లేదా నీకు? ఊరందరి అబద్ధాలు దొరకవట్టితివి, నీది మాత్రం కడుపుల పెట్టుకుంటివి. పిల్లర్లకు మొన్ననే సిమెంటు దింపిచ్చిన. దాన్నేం చేయాలె, బుక్కాలెనా?"

నర్సింగ్ గొంతులో గజేందర్ గొంతే వినిపించింది. అచ్చం అదే విసుగు. జీవితంలో మొదటిసారి అది తన మీదికే వచ్చింది.

"అన్నదమ్ముల పంచాయతీ నేను పోయినంక పెట్టుకోండ్రి," అన్నాడు ఇస్హాక్ సారు. "నాకింక సగం వాడకట్టు మిగిలింది. ఏం రాయాలె? ఒక్కరు చెప్పుండ్రి."

అప్పుడు స్వర్ణ గొంతు వినిపించింది. చిన్నగానే ఉంది, వణకలేదు.

"సార్, ఆయన చెప్పిందే రాయుండ్రి. ఖతర్. రాడ్ పని. వెయ్యి రియాళ్లు."

కాస్త చప్పుడు, తర్వాత గోల దూరమైంది. స్పీకరు ఆపి ఫోను తీసుకుని పెరట్లోకి వచ్చింది.

"విన్నవా, రాసుకున్నడు," అంది.

"విన్న."

"శుక్కురారం ఫోన్ చేయకపోతె, వారమంత పనిచేసి పండుకున్నడనుకున్న. పిల్లలు మొత్తుకున్నా, నాయిన పండుకున్నడు లేపద్దు అని చెప్పిన. ప్రతి శుక్కురారం."

గజేందర్ ఏదో అనబోయాడు.

"నువ్వు ముత్యం బావ లెక్క పడిపోతె కాగితం సక్కగ ఉండాలని మిస్డ్ కాల్ ఇయ్యమంటివి. ఇచ్చిన. పడిపోకుండ ఉండాలని నీకు లేదా? ఎండల ఆరు దినాలు, ఏడో దినం ఎవని గేట్లో."

"మేడ నడుమల ఆగుతది స్వర్ణా. ఊళ్లె నవ్వుతరు."

"నవ్వని. వచ్చే శుక్కురారం నువ్వు పండుకోవాలె. పండుకున్ననని నాకు ఫోన్ చేసి చెప్పాలె."

"పండుకుంటె ఫోనెట్ల చేస్త?"

"అది నాకు తెల్వది," అంది స్వర్ణ. కార్డులో డబ్బులు అయిపోయి ఫోను తెగిపోయింది.

విజిల్ వేశారు. షెడ్డు ఖాళీ అయింది. దస్తగిరి హెల్మెట్ పెట్టుకుంటూ, "రాసుకున్న్యాడా?" అని అడిగాడు.

"రాసుకుండు."

"మరింకేంది, మూతి అట్లా పెట్టినావు?"

"నోరు మూసుకొని తీగ అందియ్యి," అన్నాడు గజేందర్.

కార్డు పోతుందని ఊరంతా ఎదురుచూసింది. చాలాకాలం దాకా పోయిన దాఖలా లేదు, కొత్తది ఇచ్చిన దాఖలా లేదు. గంగంపేటలో మిగతా మగవాళ్లందరూ ఆ సర్వేలో జ్వరంతోనే ఉండిపోయారు. పక్క వీధిలో రాణి ఒక్కతే తన ఇంటికొచ్చిన ఇస్హాక్ సారుకు అడగకముందే ముత్యం సంగతంతా ఉన్నదున్నట్టు చెప్పిందని తర్వాత తెలిసింది.

ఆ శుక్రవారం గజేందర్ అల్ ముంతజాకు వెళ్లలేదు. పై మంచం మీద పడుకున్నాడు. నిద్ర రాలేదు. అలవాటు లేదు మరి. కింద ఎవరో పేకాట, ఎవరో కూర తాలింపు. ఒకడొచ్చి ఫోను రీఛార్జి చెయ్యమన్నాడు, ఇంకొకడు అరబ్బీలో ఉన్న కాగితం చదివి పెట్టమన్నాడు. చదవడం రాదని ఎన్నిసార్లు చెప్పినా అడుగుతూనే ఉంటారు. అందర్నీ తిట్టి పంపేశాడు. మధ్యాహ్నానికి ఇక పడుకోలేక ఇంటికి ఫోన్ చేశాడు.

నర్సింగ్ ఎత్తాడు. ఆ సర్వే తర్వాత ఇద్దరూ మాట్లాడుకోవడం అదే మొదలు.

"ఏం ఫోర్‌మన్ సాబ్, డ్యూటీ లేదా?"

"లేదు. పండుకున్న."

"మేస్త్రీని ఇగ వద్దని పంపిచ్చేసిన. పిల్లర్లు అట్లనే ఉన్నయ్, మీదికి చువ్వలు నిలబడి ఉన్నయ్. చూసినోడల్లా అడుగుతుండు, ఎప్పుడు లేపుతున్నవని. తల తింటున్నరు."

"ఎంత పొడుగు విడిచిపెట్టిన్రు చువ్వలు?"

"నాకేం తెల్సు? మూరెడు, మూరెడున్నర."

"అంత పొడుగు విడిచిపెడితె వానకు తుప్పు పడ్తయ్ అన్నా. సున్నం కొట్టిచ్చి, పాత సంచులు చుట్టియ్యి. తర్వాత నేనొచ్చి కడ్త."

"నువ్వే కట్టు," అన్నాడు నర్సింగ్. "పెద్ద ఫోర్‌మన్‌వి గదా. ఆగు, స్వర్ణను పిలుస్త."

గజేందర్ ఫోను చెవికి పెట్టుకునే వెనక్కి వాలాడు. స్వర్ణ వచ్చేసరికి నిద్రపోయి ఉన్నాడు.